ఎస్తేరు అడిగిన నెల

ఏ నెలలో రమ్మంటావే అని అడిగావు.
మూడు వారాలైంది, జవాబు రాయలేదు.
ఐదు గదుల ఈ గెస్ట్‌హౌస్‌లో పొద్దున్నే ఫోనెత్తి
ముక్కూమొహం తెలీని వాళ్ళకి చెప్పే మాటే అది:
జూన్ బాగుంటుందండీ, సముద్రం కనిపించే గది కావాలా?
నీ దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

నిజం చెప్తాను విను.
జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకీ వెలుతురు చావదు,
కర్టెన్లకి పిన్నులు పెట్టి పడుకుంటాం.
ఆగస్టులో విట్బీ మాది కాదు.
వంతెన మీద జనం, పెళ్ళిళ్ళ రోజుల్లో
బట్టలకొట్టు మెట్ల మీదలాగా.
వేయించిన చేపముక్క నోటిదాకా వెళ్ళకముందే
సీగల్ తన్నుకుపోతుంది.
అదే గది, అదే కిటికీ, అదే పరుపు,
రేటు మాత్రం రెండింతలు.
పెంచేది నేనే, ఆ పాపం నాదే.
ఆ నెలంతా నేను చూసే అలలు
ఆరేసిన దుప్పట్లవి.

మనకక్కడ కార్తెలుండేవి.
రోహిణిలో రోళ్ళు పగులుతాయని ముందే తెలుసు,
మృగశిర రాగానే మీ అమ్మ చేపల పులుసు పెట్టేది.
ఇక్కడి వానకి కార్తె లేదు, వరసా లేదు.
వాన రాకడ, ప్రాణం పోకడ అన్న మనిషెవరో
యార్క్‌షైర్‌లో ఒక మధ్యాహ్నం గడిపే ఉండాలి.
మొన్న ఒక్కపూటలో ఎండ, వడగళ్ళు, మళ్ళీ ఎండ.
పదిహేనేళ్ళు ఈ ఆకాశం కింద కూర్చున్నా
నాది వానాకాలం చదువే.

ఫిబ్రవరిలో వచ్చే ముసలాయన ఒకాయనున్నాడు, హెబ్లెత్‌వైట్.
సముద్రం వైపు గది వద్దంటాడు.
ఆరు పౌండ్లు మిగుల్తాయి,
చూడాలంటే కిందికి నడుస్తానుగా అంటాడు.
గంటలకొద్దీ ఆ రాతి గట్టు చివర నిలబడి
ఎర్రబడిన చెవులతో తిరిగొచ్చి
పొగబెట్టిన చేపలు రెండు తింటాడు.
ఎలా ఉందండీ సముద్రం అంటే
ఉంది, అంటాడు.

ఫిమేల్ వార్డు గోడకి
మందుల కంపెనీ క్యాలెండర్ గుర్తుందా నీకు?
మే నెల పేజీకి మంచుకొండ.
తిరగని ఫ్యాను కింద, నైట్ డ్యూటీలో,
ఆ మంచుని చూస్తూ సెలైన్ చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం.
ఒకసారి వెళ్దామే, అన్నది నువ్వే.
ఏ దేశపు కొండో దాని మీద రాయలేదు,
ఏ నెలలో తీసిన ఫొటోనో అసలే లేదు.
మనం మాత్రం మే అనుకున్నాం.

నిన్న రాత్రి నీ మెసేజ్:
"సూపరింటెండెంట్ సంతకం పెట్టాడు.
సొసైటీ లోనూ వచ్చింది.
నవంబరు తొమ్మిది నుంచి పన్నెండు రోజులు.
బాగుంటుందా?"

బాగుండదు.
నాలుగింటికే చీకటి పడుతుంది.
ఐస్‌క్రీము కొట్లకి చెక్కలు కొట్టేసి ఉంటాయి.
కొండ మీది పాడుబడ్డ మఠానికి నూట తొంభైతొమ్మిది మెట్లు,
గాలి ఎదురొచ్చి ప్రతి మెట్టు దగ్గరా బేరమాడుతుంది.
నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు,
ఎక్కినన్ని ఎక్కుదాం.

ఎవరైనా ఫోన్లో అడిగుంటే
మార్చిదాకా ఆగండి అనేదాన్ని.
నీకెలా చెప్పను?
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
నీకు దొరికిన కాలం ఇది.
మంచిదా కాదా అని చూసేంత వెసులుబాటు
ఏ డ్యూటీ చార్టులోనూ మనకి రాసి లేదు.

రిజిస్టర్‌లో నీ పేరు రాసేశాను,
పెన్సిల్‌తో కాదు.
ఐదో గది. సముద్రం వైపే.
ఆరు పౌండ్ల సంగతి ఎత్తావంటే ఊరుకోను.
ఆ పన్నెండు రోజులూ ఫోను మా ఆయనే ఎత్తుతాడు.

స్వెట్టర్ ఒక్కటే తే, రెండోది నాది ఉంది.
చెప్పులు వద్దు, బూట్లు కొనుక్కో.
మామిడల్లం పచ్చడి తెస్తే
సీసా మూతకి ప్లాస్టర్ మూడు చుట్లు చుట్టు,
మన వార్డు పద్ధతిలో.